మా అత్తగారి సూడిపందీ, అయ్యగారి ప్రార్థనా

ఇలా రాయడం నాకిదే మొదలు. చదివింది నాలుగో తరగతే. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

స్వతంత్రం వచ్చిన కొత్తల్లో రాజోలు దగ్గర కాలవగట్టున మా కాపరం. మా అత్తగారు పందుల్ని పెంచేవారు. ఉన్నవాటిలో పెద్దది సూడితో ఉంది, ఇవాళో రేపో ఈనేలా ఉంది. ఆ పిల్లల్ని అమ్మితేనే ఆ ఏడాది మాకు తిండి.

సరిగ్గా అప్పుడే మా ఆయనకి దయ్యం పట్టింది. ఏటి మధ్య లంకలోకి కూలికెళ్లి వచ్చి మంచం ఎక్కారు. ఇంటికప్పు కేసి చూసి "దిగు, దిగు" అని అరిచేవారు. కంచం పెడితే తోసేసేవారు. మేం కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లం, భూతవైద్యుడి దగ్గరికి వెళ్లకూడదు. నేను వెళ్లి ఏడిస్తే, మా మందిరం ఉపదేశిగారు ఆదివారం మధ్యాహ్నం వచ్చి ప్రార్థన చేస్తానన్నారు. ఆయన్ని మేం అయ్యగారు అనేవాళ్లం.

ఆ ఆదివారం పొద్దున్న మందిరంలో ఆయన దయ్యాల సంగతే చదివారు. సమాధుల్లో తిరిగే మనిషిని ప్రభువు బాగుచేశారట. వాడిలోని దయ్యాలు రెండు వేల పందుల మందలోకి దూరాయట. పందులన్నీ పరిగెత్తి నీళ్లలో పడి చచ్చిపోయాయట. ఆడవాళ్ల చాప మీంచి మా అత్తగారు లేచి నిలబడ్డారు.

"అయ్యగారూ, ఆ పందులు ఎవరివండీ?"

"అది వాక్యంలో లేదమ్మా. కూర్చో."

"రెండు వేల పందులండీ! పెంచినోళ్లు ఏవైపోయేరండి?"

"మనిషి బాగుపడ్డాడు కదమ్మా. అది చూడాలి."

"ఆయ్. పంది ఏం పాపం చేసిందండి మరి?"

వెనక మగవాళ్లు నవ్వారు. అయ్యగారు కండువాతో మొహం తుడుచుకున్నారు. ఆయన ఇక ప్రార్థనకి రానంటారేమోనని నేను అత్తగారి కొంగు పట్టి లాగి కూర్చోబెట్టాను.

ఇంటికి రాగానే మా అత్తగారు తేల్చేశారు. "ప్రార్థన ఇవాళొద్దు. పంది ఈనాక పెట్టించుకుందాం."

"మీ కొడుకు కదండీ అత్తయ్యా!"

"కొడుకు నాలుగు ముద్దలు తినకపోతే చావడే. పంది చస్తే అందరం చస్తాం."

నేను ఏడుపు అందుకున్నాను. సరే అని ఆవిడ, పందిని అవతలిగట్టుకి దాటించడానికి బల్లకట్టు దగ్గరికి తోలుకెళ్లారు.

"పందినెక్కిస్తే ఇంకెవరూ ఎక్కరే అక్కా," అన్నాడు బల్లకట్టువాడు.

"దీనికి దయ్యం పట్టకుండా దాటిస్తన్నాన్రా."

"దయ్యవా? అయితే అసలెక్కించను."

చేసేది లేక, పందిని పెరట్లో కొబ్బరిచెట్టుకి కట్టి, దయ్యానికి కనపడకుండా పైన పాత చాప కప్పారు. అయ్యగారు వచ్చేసరికి ఆవిడ గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు.

"ఈ దయ్యాలు అసలెక్కడివండి?"

"ఒకప్పుడు దేవదూతలేనమ్మా. గర్వం తలకెక్కి పరలోకం నుంచి పడిపోయేరు."

"రెక్కలున్నోళ్లు పడిపోడవేంటండి?"

"పడలేదమ్మా. తోసేసేరు."

"తోసినోళ్లు కాస్త చూసి తొయ్యాలి కదండీ! అంత సముద్రం పక్కనే ఉంటే మా లంకలో పడెయ్యాలా? మీరైనా ఎక్కడికి పోవాలో దానికి గట్టిగా చెప్పండి."

అలాగేనని మాటిచ్చాకే లోపలికి రానిచ్చారు. అయ్యగారు మా ఆయన తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థించారు. చివర్న, ఇచ్చిన మాట కోసం కాబోలు, ఇల్లదిరేలా అరిచారు.

"పో! సముద్రంలోకి పో!"

ఆ కేకకి పెరట్లో పంది బెదిరిపోయింది. తాడు తెంపుకుని, చాప వీపు మీద ఉండగానే పరిగెత్తి కాలవలో పడింది.

"అయిపోయేం దేవుడోయ్!" అని మా అత్తగారు గుండెలు బాదుకున్నారు.

అప్పుడు మంచం మీంచి మా ఆయన దిగ్గున లేచారు. "అమ్మా, పంది!" అని మమ్మల్నందర్నీ తోసుకుని వెళ్లి కాలవలో దూకారు. తాడు దొరకపుచ్చుకుని దాన్ని గట్టెక్కించారు. ఒళ్లంతా బురదతో నావైపు చూసి, "గంజి ఉందేంటే?" అన్నారు.

"చూసేవా అమ్మా, వదిలిపోయింది," అన్నారు అయ్యగారు సంతోషంగా.

"ఆయ్. వదిలి ఎందులోకి పోయిందో తేలాలి కదండీ."

పంది పక్కకి ఒరిగి రొప్పుతోంది. దాని కళ్లలోకి చూడాలంటే మా అందరికీ భయమే. మా అత్తగారు అయ్యగారి చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కెళ్లారు. పాపం ఆయన తెల్లపంచె ఎగ్గట్టి బురదలో మోకరించారు. పంది పొట్ట మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలెట్టారు. ఆమేన్ అనేలోపే మొదటి పిల్ల బయటపడింది.

అయ్యగారు గబుక్కున లేవబోయారు. మా అత్తగారు భుజం పట్టి మళ్లీ కూర్చోబెట్టారు.

"ఆగండి అయ్యగారూ, లోపల ఇంకా ఉన్నాయి."