పెంగ్ తెచ్చిన బియ్యం

బాన్ జోక్ జలపాతం చూడడానికి వచ్చేవాళ్ళు తెప్ప ఎక్కగానే అడిగే మాట ఒకటే: "సరిహద్దు ఎక్కడ?"

మూయ్ వెదురు గెడను అడుగుదాకా దింపి, బలంగా ఒక తోపు తోసి, "ఇందాకే దాటేశాం. చూసుకోలేదా?" అనేది. జనం గొల్లున నవ్వేవారు. ఆవిడ నవ్వేది కాదు. జలపాతం కింది గుండంలో వియత్నాం తెప్పలూ చైనా తెప్పలూ కలిసే తిరుగుతాయి. అవతలి తెప్పను తాకకూడదు, ఏమీ ఇచ్చిపుచ్చుకోకూడదు, ఆ ఒడ్డున కాలు మోపకూడదు. అంతవరకే. మిగతాది రెండు ఒడ్డుల మీదా ఉన్న కాపలావాళ్ళ ఈలలు చూసుకుంటాయి.

మూయ్ పుట్టింది ఆ హోరు వినబడే దూరంలో, వియత్నాం వైపు, రాతిగోడల ఇళ్ళున్న తాయ్ తెగవాళ్ళ ఊళ్ళో. అవతలి ఒడ్డు వాళ్ళదీ ఇంచుమించు అదే మాట. అదే నీలిమందు బట్ట, మూడో నెల మూడో రోజున సమాధులు శుభ్రం చేసే అదే పండుగ. యుద్ధం వచ్చిన ఏడాది మాత్రం ఫిరంగి గుళ్ళు ఆ ఒడ్డు నుంచే వచ్చాయి. ఊరంతా గుహలో దాక్కుంది. కట్టుకొయ్యకే వదిలేసి వచ్చిన గేదె గుర్తొచ్చి, దాన్ని విప్పి వస్తానని మూయ్ తండ్రి వెనక్కి వెళ్ళాడు. గేదె ఒక్కటే తిరిగొచ్చింది. మూయ్ అప్పటికి చిన్నపిల్ల. తండ్రి మొహం గుర్తు లేదు. గుహ కప్పు నుంచి మెడ మీద పడిన నీటిచుక్కల చల్లదనం మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

మూయ్‌కు ఒక అక్క, పెంగ్. ఆ ఊళ్ళో మొదటి బిడ్డ పుట్టగానే తల్లికి సొంత పేరు పోతుంది. అందుకని మూయ్ వాళ్ళమ్మను అందరూ 'పెంగ్ తల్లి' అంటారు. సరిహద్దు సంతలు మళ్ళీ తెరిచాక, ఫ్లాస్కులూ దుప్పట్లూ అమ్ముకునే ఒక అవతలి ఒడ్డు మనిషి వెంట పెంగ్ రేవు దాటి వెళ్ళిపోయింది. కాగితాలు లేవు, పెళ్ళి విందూ లేదు. ఆ రోజు తల్లి వాకిట్లో నిలబడి, ఊరు వినేలా అంది: "ఆ ఒడ్డు బియ్యం ఒక్క గింజ కూడా నా గిన్నెలో పడదు."

పడనివ్వలేదు కూడా. ఏటా సమాధుల పండుగకు పెంగ్ పై రేవులో మోకాటి లోతు నీళ్ళు దాటి, వీపున బుట్టతో వచ్చేది. తల్లి దాన్ని కూర్చోబెట్టి కడుపునిండా పెట్టేది. అది తెచ్చిన బియ్యం మాత్రం దాని కళ్ళముందే బాతులకు చల్లేది. పెంగ్ బాతులకేసి చూస్తూ, "మా అత్తగారింటి బియ్యం తిని మీ బాతులు బలిసిపోయాయమ్మా," అని నవ్వేది. తల్లి నవ్వేది కాదు. మరుసటి ఏడాది పెంగ్ మళ్ళీ బియ్యమే తెచ్చేది.

రోగం ప్రబలిన ఏళ్ళలో ఆ ఒడ్డు పొడుగునా ఇనుప కంచె లేచింది. పెంగ్ రాక ఆగిపోయింది. ఆ తర్వాత అక్క మొహం ఫోనులోనే.

పోయిన చలికాలం తల్లి మంచం పట్టింది. గిన్నెడు జావ కూడా పూర్తిచేయలేకపోయేది. పూజపాటలు పాడే ఆవిడ వచ్చి, నాడి పట్టుకుని, "గాదె అడుగంటింది. బియ్యం నింపాలి," అంది.

అది వాళ్ళలో పెద్దవాళ్ళకు చేసే పనే. మనిషి పుట్టేటప్పుడే పైన ఎక్కడో ఒక గాదె నిండా బియ్యం రాసి ఉంటాయి. వయసు మళ్ళేసరికి అవి అడుక్కొస్తాయి. అప్పుడు కన్నబిడ్డలు, మనవలు తలా ఒక పిడికెడు తమ ఇంటి బియ్యం తెచ్చి, తమ చేత్తో తల్లి దోసిట్లో పోయాలి. తల్లి దాన్ని జాడీలో పోసుకుని, రోజూ కాస్త వండుకు తింటే ఆ మేరకు ఆయుష్షు. అయితే ఆ పిడికెడు బిడ్డల గాదెలోంచే తరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు అదొక లెక్క కాదు. జబ్బు పడ్డ బిడ్డ దగ్గర మాత్రం పుచ్చుకోకూడదు. ఆ వారం మూయ్ దగ్గుతూ ఉందని పూజ వాయిదా వేశారు.

దగ్గు తగ్గాక ఒక ఉదయం, పొయ్యి దగ్గర కూర్చున్న తల్లి ఉన్నట్టుండి అంది: "పెంగ్‌ని కూడా పిలువు."

మూయ్ చేతిలో పుల్ల చేతిలోనే ఉండిపోయింది. "ఎవర్నమ్మా?"

"నాకు ఎంతమంది పెంగ్‌లున్నారే? దాని బియ్యం పడకపోతే జాడీ ఎలా నిండుతుంది?"

"మరి ఆ ఒడ్డు బియ్యం..."

"బియ్యం బియ్యమే. పిలవమన్నాను, పిలువు."

ఫోనులో ఆ మాట విని పెంగ్, "అమ్మే అందా? నువ్వు కల్పించి చెప్పట్లేదు కదా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. తెరమీద దాని బుగ్గలు పెళ్ళికూతురి బుగ్గల్లా గులాబీ రంగులో ఉన్నాయి.

తల్లి ఫోను దగ్గరికి లాక్కుని చూసింది. "దీనికి వయసు రాలేదేంటే?"

"ఫోనే అలా నున్నగా చేసి చూపిస్తుందమ్మా. నేను ఫొటో తీసుకున్నా అలాగే వస్తుంది."

"నువ్వు తీసుకున్నా రాదులే," అంది తల్లి.

కలిసే చోటు ఒక్కటే ఉంది. పై రేవుకు కంచె. వంతెన దాటాలంటే కాగితాలు. ఇక గుండం మధ్య, తెప్పల మీద, జలపాతం తుంపర కాపలావాళ్ళ కళ్ళకు అడ్డుపడే చోట. అంటే పెంగ్ టికెట్టు కొనుక్కుని టూరిస్టులా రావాలి. చిన్నప్పుడు తను గుడ్డలు ఉతికిన నీళ్ళను చూడడానికి.

"టికెట్టుకు గుర్తింపు కార్డు అడుగుతారు కదే. నీకెక్కడిది?" అంది మూయ్.

"మా ఆడపడుచుది తీసుకుంటా."

"ఫొటో చూస్తే?"

"ఈ వయసు ఆడదాని మొహం ఎవడు చూస్తాడే! చూడ్డానికి అందులో ఏముందని?"

అవతలి తెప్ప నడిపే నోంగ్‌ది పెంగ్ అత్తవారి ఊరే. ఆ వరసన మూయ్‌ను "మరదలా" అని పిలిచి రోజూ ఏదో ఒకటి అనేవాడు. గుండం చివర నీళ్ళు నెమ్మదించే చోట మూయ్ అతనితో సంగతి చెప్పింది. అతను గెడ మీద గడ్డం ఆనించి విన్నాడు. "దొరికితే ఇద్దరి తెప్పలూ పోతాయి మరదలా. తర్వాత నన్ను నువ్వే పోషించాలి."

"జావ పోస్తాలే బావా."

"మీ జావ కన్నా కొలువు పోవడమే నయం," అన్నాడు. కానీ ఒప్పుకున్నాడు.

శనివారం జనం ఎక్కువ. మూయ్ తల్లికి నీలిమందు చొక్కా తొడిగి, తలగుడ్డ కట్టి, చొక్కా మీద నారింజ రంగు లైఫ్ జాకెట్ వేసి తెప్పలో ముందు బల్ల మీద కూర్చోబెట్టింది. హనోయ్ నుంచి వచ్చిన ఆడవాళ్ళు పక్కన చేరి ఫొటోలు దిగారు. ఒకామె ముసలమ్మ భుజం మీద చెయ్యేసి, "బామ్మగారూ, కాస్త నవ్వండి!" అంది. తల్లి ఆమెకేసి చూడలేదు. దోసిలి పట్టడం మరిచిపోతానేమోనని భయమో ఏమో, ఒడ్డున బయల్దేరినప్పుడే రెండు అరచేతులూ కలిపి ఒళ్ళో పెట్టుకుంది.

జలపాతం దగ్గరయ్యేకొద్దీ హోరు తప్ప ఇంకేమీ లేదు. టూరిస్టులు అరుస్తున్నారు, నోళ్ళు తెరుచుకోవడమే కనిపిస్తోంది. తుంపర తెల్లటి తెరలా దిగింది. అందులోంచి నోంగ్ తెప్ప వచ్చింది. అటువాళ్ళు చేతులూపారు, ఇటువాళ్ళు చేతులూపారు. వాళ్ళ మధ్య నుంచి, ఎర్ర తలగుడ్డతో పెంగ్ లేచి నిలబడింది.

మూయ్ గెడ ఆగిపోయింది. ఫోనులో మొహం కాదు అది. కళ్ళల్లోని తెల్లగుడ్డు పసుపు ముద్దలా ఉంది. దవడలు లోపలికి పోయాయి. మెడ మీద చర్మం వేలాడుతోంది. లైఫ్ జాకెట్ లోపల మనిషి ఉందా లేదా అన్నట్టుంది. పెంగ్ మాత్రం నవ్వుతోంది. మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న నీలి సంచి మూతి విప్పి, పిడికిలి నిండా బియ్యం తీసి, తెప్ప అంచు మీదుగా చెయ్యి చాచింది.

తల్లి దోసిలి పైకి లేచింది. లేచి, కూతురి మొహం దాకా చూపు వెళ్ళేసరికి, గాలిలోనే ఆగింది. తర్వాత రెండు చేతులూ విడిపోయాయి. ఒకదాని తర్వాత ఒకటి, ఆవిడ వాటిని వెడల్పాటి చొక్కా చేతుల్లోకి దోపుకుంది. తల అడ్డంగా ఊపింది.

"పట్టమ్మా!" అని మూయ్ అరిచింది. తన గొంతు తనకే వినబడలేదు.

పెంగ్ ఏదో అంటోంది. పెదాలు కదులుతున్నాయి. తల్లి కూడా ఏదో అంటోంది. ఇద్దరి మధ్య మూరెడు నీళ్ళు, కొండంత హోరు. పెంగ్ చాచిన పిడికిలి అలాగే ఉంది. వేళ్ళ సందుల్లోంచి గింజలు జారుతున్నాయి. దాని మొహంలో నవ్వు కాసేపు అలాగే నిలిచి, ఆనక ఆరిపోయింది. అది మూయ్‌కు బాగా తెలిసిన మొహం. బాతులకు బియ్యం చల్లినప్పుడు చూసేది. కాకపోతే అప్పుడు చివర్లో ఒక నవ్వు ఉండేది.

ఒడ్డు మీద ఈల మోగినట్టుంది. నోంగ్ తెప్పను వెనక్కి లాగాడు. తుంపర మూసుకుంది.

గట్టుకు చేరి, టూరిస్టులు దిగిపోయాక, మూయ్ తల్లి ముందు నిలబడింది. "ఎందుకు పిలిపించావమ్మా దాన్ని? ఇంతమందిలో చెయ్యి చాపించి, లేదనడానికా? ఇంకా తీరలేదా నీ పంతం?"

"దాని మొహం చూడలేదుటే నువ్వు?" అంది తల్లి. గొంతు తడిగా లేదు, పొడిగా ఉంది. "దాని గాదెలో పిడికెడే మిగిలింది. అదే ఎత్తి పట్టుకొచ్చింది. నేనెలా తీసుకోను?"

మూయ్ తల్లి పక్కన బల్ల మీద కూర్చుంది. "మరి అది అలా అనుకోదు కదమ్మా."

తల్లి లైఫ్ జాకెట్ విప్పి ఒళ్ళో పెట్టుకుంది. "అనుకోదు," అంది.

ఇంటికి రాగానే తల్లి పూజ వద్దంది. మూయ్ పిడికెడూ, మూయ్ పిల్లల పిడికెళ్ళూ, పూజకని అప్పటికే జాడీలో తెచ్చి పెట్టినవి అన్నీ ఒక సంచిలోకి పోయించింది. "ఇది దానికి పంపు. అది వండుకుని తినాలి. నేనెందుకు తీసుకోలేదో చెప్పి పంపు. ముందు చెప్పు, తర్వాతే బియ్యం."

"మరి నీకు?"

"నాకేం తొందర?"

మూయ్ ఫోను చేసింది. పెంగ్ ఎత్తలేదు. మళ్ళీ చేసింది. అమ్మ మాటలు అమ్మ నోటితోనే చెప్పించి, రికార్డు చేసి పంపింది. జవాబు రాలేదు. ఒక సాయంత్రం పెంగ్ కొడుకు ఎత్తాడు. బడిలోనూ పట్నంలోనూ పెరిగినవాడు, వాడికి తల్లి భాష రాదు. వాడు చైనా మాటల్లో ఏదో చెప్పాడు. సంత బేరాలకు సరిపోయే మాటలు తప్ప మూయ్‌కు రావు. 'అమ్మ', 'పడుకుంది', 'వద్దు' అన్న మూడే అర్థమయ్యాయి. పడుకుంది కాబట్టి లేపవద్దంటున్నాడో, అమ్మే మాట్లాడనంటోందో తెలియలేదు. అమ్మమ్మ ఫోను లాక్కుని తాయ్‌లో ఒకే మాట గట్టిగా పదేపదే చెప్పింది. అటునుంచి వాడు మర్యాదగా 'ఆఁ, ఆఁ' అన్నాడు.

మర్నాడు తుంపరలో నోంగ్ చేతికి మూయ్ ఆ సంచి అందించింది. గుండం చివర చెప్పాల్సింది చెప్పింది. అతను ఆ రోజు ఏ వేళాకోళమూ ఆడలేదు.

తర్వాత కొన్నాళ్ళు అతను పనిలో కనబడలేదు. అతని తెప్ప మీద వేరే ఎవరో ఉన్నారు. మూయ్ ప్రతి విడతా ఆ మొహంకేసి చూసి, తన జనానికి సరిహద్దు జోకు చెప్పింది.

నోంగ్ వచ్చిన రోజు ఎండగా ఉంది. గుండం చివర తెప్పలు దగ్గరయ్యాయి. అతని మణికట్టుకు తెల్లగుడ్డ పీలిక ఉంది. చావింటికి వెళ్ళొచ్చినవాళ్ళు కట్టుకునేది. అతను "మరదలా" అనలేదు.

"మూయ్," అన్నాడు.

"చెప్పావా బావా?" అంది మూయ్. ముందు అదే అడిగింది. "అమ్మ ఎందుకు తీసుకోలేదో దానికి చెప్పావా?"

"నేను వెళ్ళేసరికే పట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళిపోయారు. కొడుక్కి చెప్పాను. విడమరిచి చెప్పాను, వాడి భాషలోనే."

"వాడు చెప్పాడా?"

నోంగ్ నీళ్ళకేసి చూశాడు. "చెప్పే ఉంటాడు. ఎందుకు చెప్పడు? కాకపోతే, అప్పటికి ఆవిడకి తెలివి ఉందో లేదో... చెప్పే ఉంటాడులే."

ఒడ్డు మీద కాపలావాడు ఇటే చూస్తున్నాడు. నోంగ్ ఈసారి దాపరికం చేయలేదు. మూయ్ పంపిన బియ్యం సంచినే తిన్నగా ఎత్తి ఆమె తెప్ప మీద పెట్టాడు. ఈల మోగింది. ఇద్దరిలో ఎవరూ అటు తిరగలేదు.

సాయంత్రం మూయ్ ఇంటికి వచ్చేసరికి తల్లి పొయ్యి ముందు ఉంది. మూయ్ సంచి గుమ్మం దగ్గర దించింది. తల్లి సంచికేసి చూసింది, తర్వాత కూతురి మొహంకేసి. "తడిసిందా?" అంది.

"లేదమ్మా."

"జాడీలో పొయ్యకు. వండు."

"అంతానా?"

"అంతా."

మూయ్ బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. అన్నం ఉడికిన వాసన రాతిగోడల మధ్య నిండింది. తల్లి మూడు గిన్నెలు తీసి, ఒకదాన్ని ఏటి వైపు కిటికీ కింద పెట్టి, నిండుగా వడ్డించింది. తన గిన్నెలో కూడా పెట్టుకుంది. చాలా రోజుల తర్వాత ఒక్క మెతుకు వదలకుండా తింది.

అప్పుడే పక్కింటావిడ గేటు దగ్గర నిలబడి కేకేసింది. ఆవిడకు ఇంకా ఏమీ తెలియదు.

"పెంగ్ తల్లీ! పెంగ్ తల్లీ, ఉన్నావా?"

మూయ్ లేవబోయింది. తల్లి ఆమె చెయ్యి పట్టి ఆపి, గొంతు సవరించుకుంది.

"ఉన్నాను," అంది.