లోపలి వైపు తెల్లగీత

మా ఆఫీసు ఓనరుది తియ్యటి గొంతు. గోదావరి జిల్లా మనిషి. "అండీ" లేకుండా నోరు తెరిచేవాడు కాదు. ప్యూన్‌ను తిట్టినా "అండీ" అనే తిట్టేవాడు. అలాంటి గొంతు ఎక్కడ వినిపించినా ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

హైటెక్ సిటీ మొదటి భవనం లేస్తున్న రోజులవి. మాదాపూర్‌లో బండలు పేల్చినప్పుడల్లా మా కిటికీ అద్దాలు గలగలలాడేవి, కీబోర్డు నిండా దుమ్ము పడేది. ప్యాకింగ్ డబ్బాలకు డిజైన్లు చేసే ఆ చిన్న ఆఫీసులో డిజైనర్లం ఇద్దరమే, నేనూ అక్కా. సొంత అక్క కాదు. కడప నుంచి వచ్చింది, నాకంటే ముందు చేరింది, నాకు పని నేర్పింది. చందానగర్‌లో ఒకే గదిలో కిరాయికి ఉండేవాళ్లం.

ఒకనాడు సారు ఇద్దరినీ పిలిచి చల్లగా చెప్పాడు.

"ఇద్దరికి సరిపడా పని లేదండీ. ఒక్కరినే పర్మనెంట్ చేస్తాను. ఎవరినన్నది ఈ కొత్త డబ్బా చూసి తేలుస్తాను."

ఉద్యోగం పర్మనెంట్ కాకపోతే కామారెడ్డి తిరిగొచ్చి అమ్మ పక్కన కూర్చుని బీడీలు చుట్టాల్సిందేనని నాన్న ముందే ఖరాఖండిగా చెప్పి పంపాడు.

ఆ డబ్బా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీది. అప్పట్లో సీడీలను పుస్తకమంత అట్టడబ్బాలో పెట్టి అమ్మేవారు. దీనికి బయటా రంగే, లోపలా రంగే. మూత తెరిస్తే అంచుల దాకా ముదురు నీలం కనబడాలి. బయటి వైపు అక్కకు, లోపలి వైపు నాకు ఇచ్చాడు. ఇలాంటి పనిలో ప్రాణమంతా బ్లీడ్‌లోనే, అంటే అంచు దాటించి వదిలే రంగులోనే ఉంటుంది. ప్రెస్సులో అట్టను కోసే బ్లేడు సరిగ్గా మనం గీసిన గీత మీదే పడదు, వెంట్రుకవాసి అటో ఇటో జరుగుతుంది. అందుకని రంగును కోత గీత దాటించి బయటికి వదలాలి. వదలకపోతే అంచున తెల్లట్ట పళ్లికిలిస్తుంది. అచ్చు రెండు వైపులా ఉంటే రెండు వైపులా వదలాలి.

భయం కొద్దీ నేను రంగును చాలా దూరమే వదిలాను. అక్క వెనక నిలబడి చూసింది.

"అంత ఎందుకు పాపా? మూడు మిల్లీమీటర్లు చాల్లే. ఎక్కువైతే సారు అరుస్తాడు."

అక్క చెప్పాక ఇంకేముంది? తగ్గించాను.

జీడిమెట్ల ప్రెస్సు నుంచి శాంపిల్ డబ్బా వచ్చింది. సారు దాన్ని మా ఇద్దరి ముందూ బల్ల మీద పెట్టి మూత తెరిచాడు. లోపల నీలం పక్కన, అంచు పొడుగునా తెల్లగీత. చిటికెన వేలి గోరంత వెడల్పు. బయటి వైపు మాత్రం ఎక్కడా వంక లేదు.

"గింత తెల్లగ ఎట్లొచ్చింది సార్? నేను కొలతలు మల్ల మల్ల చూసిన," అన్నాను.

"కొలతలు మారాయి కదండీ. రెండో సీడీ కూడా పెడతామన్నారు, డబ్బా మందం పెరిగింది. పోయిన వారమే ఆవిడకు చెప్పాను."

"మరి నాకెవరు చెప్పిండ్రు?"

ఆయన నవ్వాడు. "ఒకే గదిలో ఉంటారు, ఒకే కంచంలో తింటారు. ఆవిడ చెబుతుందనుకున్నాను. చెప్పదేమోనని కూడా అనుకున్నాననుకోండి. అలాంటివాళ్లే నిలబడతారండీ ఈ రోజుల్లో."

అక్క తన మానిటర్ మీది దుమ్మును చున్నీ కొసతో తుడుస్తూ కూర్చుంది. వారమంతా నేను వండిన పప్పుచారు తింటూ ఆ మాట కడుపులో దాచుకుని తిరిగిందన్నమాట. మూడు మిల్లీమీటర్లు చాలన్నది కూడా ఆ మాట విన్నాకే. ఛీ, ఏం మనిషి!

"సరిచేసి వెళ్లండి," అన్నాడు సారు.

వెళ్లమన్నాక కూడా నాకు ఆశ చావలేదు. బాగా చేస్తే ఉంచుతాడేమో! కూర్చుని కొత్త కొలతలకు అన్ని అంచులా రంగు పొడిగించాను. రెండు వైపుల ప్రింట్లూ ఒకదాని మీద ఒకటి పెట్టి ట్యూబ్‌లైటుకు ఎత్తి చూపించాను. ఎక్కడా తేడా లేదు.

"అద్భుతంగా ఉందండీ," అన్నాడు. "ఇంత బాగా చేసే అమ్మాయిని పంపించాల్సి రావడం నాకూ బాధే. వెళ్లేటప్పుడు కంప్యూటర్ మీద కవర్ కప్పండి."

కప్పాను. నా చేతులు విరగ, ఎందుకు కప్పానో!

సెవెన్ సీటర్ ఆటోలో చందానగర్ చేరి బట్టలు సర్దుకుంటుంటే అక్క వచ్చింది. నేను పట్టలేకపోయాను.

"ఎందుకు చెప్పలేదక్కా? నీకు నేనేం పాపం చేసిన?"

"చెప్తే నేను పోవల్ల కదా," అంది, అన్నం ఉడికిందని చెప్పినంత మామూలుగా. "నీకు పోయేదానికి ఇల్లన్నా ఉంది పాపా. నాకు అదీ లేదు."

ఇల్లు లేని మాట నిజమే. మారుతల్లి గడప తొక్కనివ్వదని నాకు తెలుసు. తెలిసినా ఆ క్షణాన అక్క గొంతు పిసకాలనిపించింది. సూట్‌కేసు తీసుకుని గుమ్మం దాటాను. అక్క వెనకే తలుపు దాకా వచ్చింది.

"పాపా, ఆ లోపలి పక్క ఫైలు యాడ పెట్టినావు? పొద్దున్నే ప్రెస్సుకు పంపల్లంట. నేనే చేసినట్టు చెప్పమన్నాడు సారు."

"నీ ఫోల్డర్లనే ఉంది," అన్నాను. "రెండు పక్కలు ఒక్కదగ్గరుంటే నీకు అల్కగ ఉంటదని మొదటిసంది అండ్లనే పెడుతున్న."

"సరేలే," అని అక్క లోపల్నుంచి గడియ పెట్టుకుంది.