తొర్రకు అడిగిన కొసరు

మా నాన్న కొట్లోనే పెరిగినవాణ్ణి. ఏది కొన్నా కొసరు అడగకపోతే కొన్నట్టే ఉండదు నాకు. ఫిజీకి స్వతంత్రం వచ్చిన కొన్నేళ్ళకు లోవు అనే ఊళ్ళో ఇల్లు కట్టుకున్నాం. పెరట్లో మామిడిచెట్టుకు ఎండుకొమ్మ ఒకటి ఉండేది. తుఫానుకు షెడ్డు మీద పడుతుందని కొట్టించేశాను. వంటచెరకు కలిసొచ్చిందని మురిశాను కూడా. ఆ కొమ్మ తొర్రలో ఏటా ఎర్ర చిలకల జంట గుడ్లు పెడుతుందని మా ఆవిడకే తెలుసు.

"వాటి ఇల్లు పొయ్యిలో పెట్టారు," అంది.

రోజూ పొద్దున్నే అవి వచ్చి, కొమ్మ లేని చోట గిరికీలు కొట్టి, అరిచి పోయేవి. ఆవిడ వంటింటి కిటికీ మూసేసేది.

కొమ్మ కొట్టిన ఫిజియన్ మనిషినే మళ్ళీ పిలిచాను. చిలకలకు ఎండుకొమ్మే కావాలని, ఒక పచ్చికొమ్మలో తొర్ర తొలిచి, కొమ్మ మొదట్లో చుట్టూ బెరడు వలుస్తానన్నాడు. ఆ కొమ్మ మాత్రం నిలువునా ఎండుతుంది, చెట్టు బతుకుతుంది. పచ్చికొమ్మను ఎండబెట్టమని కూలి ఇచ్చినవాణ్ణి మా వంశంలో నేనొక్కణ్ణే.

బేరం కుదిరాక నోరు ఊరుకోలేదు. "ఎలాగూ తొలుస్తున్నావు. కన్నం కాస్త పెద్దది చెయ్యి భయ్యా, కొసరుగా."

"ఛోటా అచ్ఛా, భయ్యా. చిన్నదే మంచిది, చిలక దూరితే చాలు," అన్నాడు.

"చేతిలో ఉలి ఉంది, నీకు పోయేదేముంది?"

నీ చెట్టు నీ ఇష్టమని పెద్దదే చేశాడు. వెడల్పు కన్నం చూసి వారం తిరక్కుండా గోరింకలు దిగాయి. దగ్గరికొచ్చిన చిలకలను తరిమేశాయి.

"మీ కొసరు కాపురానికొచ్చింది," అంది ఆవిడ.

మళ్ళీ పిలిస్తే, గోరింక పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగమన్నాడు అతను. ఆగాం. అప్పుడు ఆవిడ వంటచెరకు గుట్ట వెనకనుంచి ఒక ముక్క తెచ్చింది. పాత తొర్ర కన్నం ఉన్న ముక్క. పొయ్యికి ఇవ్వకుండా దాచింది. దాన్నే కొత్త తొర్రకు మూతగా బిగించి, నిచ్చెన దిగుతూ అతను నవ్వాడు.

"ఇప్పుడు నా కొసరు. ఈ కొమ్మ ఎండాక కొట్టకు."

ఒప్పుకున్నాను. అది ఎండి సరిగ్గా షెడ్డు వైపే వాలింది. గొడ్డలి జోలికి పోకుండా షెడ్డునే నాలుగడుగులు జరిపించాను.

మరుసటి ఏడు చెరకు కోతలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున వంటింటి కిటికీ తెరిచి ఉంది. టీ అడగబోతే ఆవిడ వేలెత్తి ఆపింది. కన్నంలోంచి ఎర్రటి తల ఒకటి బయటికి చూస్తోంది.