తెల్లచీర మీద ఉన్నిపేట పేరు

మా మేనత్త పోయిందన్న కబురు తాడేపల్లిగూడెంలో బడి మొదటి గంట కొట్టే వేళకు నాకు అందింది. ఏలూరు నుంచి పొద్దున్నే రైల్లో వచ్చిన మా బావ, అంటే ఆవిడ కొడుకు, బడి అరుగు కింద చెప్పులు విడిచి నిలబడ్డాడు. నా క్లాసు పిల్లలు వింటారని గొంతు తగ్గించాడు.

"అమ్మ వెళ్ళిపోయిందే. నిద్దట్లోనే. బయల్దేరు."

నాకు అతని ముఖంలోకి చూసే ధైర్యం లేకపోయింది. చేతులు చూశాను. గోళ్ళ చుట్టూ నీలిరంగు అలాగే ఉంది. ఆవిడ నేర్పిన పనే అతనూ చేస్తున్నాడు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాను. ఊడ్పులు మొదలైన చేలల్లో నీళ్ళు, నీళ్ళల్లో మబ్బులు. రైలు నేలమీద పోతున్నదో ఆకాశంలో పోతున్నదో తెలియని రోజులవి. అత్తయ్య పుట్టింది కొల్లేటి లంకలో. పెళ్ళయి పడవలో ఏలూరు వచ్చిందట. సాయంత్రం కొల్లేటి మీద రంగులు మారే తీరు ఆవిడ చెబుతుంటే రంగు ఉడికే కాగు దగ్గర ఉన్నవాళ్ళం కట్టెలు ఎగదోయడం మరిచిపోయేవాళ్ళం. "ముందు పసుపు, ఆపైన పావురాయి మెడ, కొంగలు లేచాక బూడిద. ఆ పావురాయి మెడరంగు మటుకు నాకింకా చిక్కలేదే," అనేది. అది చిక్కకుండానే పోయింది.

ఏలూరు తెలిసినవారికి ఉన్నిపేట గురించి చెప్పనక్కర్లేదు. తెలియనివారికి చెబుతాను. కాలువగట్టుకు దిగువన రెండు ఇరుకు సందులు, అంతే పేట. ముందు గొర్రెవాసన వస్తుంది, తరువాత పేట వస్తుంది. కామవరపుకోట వైపు మెట్ట ఊళ్ళనుంచి బళ్ళమీద ఉన్ని దిగేది. మాలాంటి క్రైస్తవ కుటుంబాలు దాన్ని కడిగి, ఏకి, వడికేవి. అత్తయ్య కాగులో రంగు వేసేది. అవతలి సందులో సాయిబుల మగ్గాలమీద అది తివాచీ అయ్యేది. ఊళ్ళోవాళ్ళు మా వాసనకు ముక్కు మూసుకున్నా, మా తివాచీకి మాత్రం చెప్పులు విడిచేవారు. కూలినాలి జనానికి ఆ మర్యాద ఒక్కటే ఆస్తి. చిన్నప్పుడు ఎవరైనా "మీది ఏ పేట?" అంటే మేం గుక్కతిప్పుకోకుండా చెప్పేవాళ్ళం.

అత్తయ్యకు పని తప్ప మరో యావ లేదు. చిన్నతనంలోనే భర్త పోతే తెల్లచీర కట్టింది. రంగులు కలిపే మనిషికి తెల్లచీరేమిటని అందరూ వేళాకోళం చేసేవాళ్ళు. తనూ నవ్వేది. ప్రార్థనకు వెళ్ళినా చేతులు ముడుచుకుని కూర్చోలేకపోయేది, కొంగు అంచు వేళ్ళతో నలుపుతూ ఉండేది. పాస్టరుగారి ప్రసంగం సాగదీసినప్పుడు నా చెవిలో, "కాగు దింపాల్సిన వేళ దింపకపోతే రంగు మాడుతుందే," అని గొణిగేది. నేను నవ్వు ఆపుకోలేక దగ్గేదాన్ని.

ఆవిడ మాటల్లో నాకు అన్నింటికన్నా ఇష్టమైనది ఒకటుంది. "రంగు ఎక్కించడం ఎవరైనా చేస్తారు. ఎక్కువైన రంగు వదిలించడమే పని." ఉడికించిన ఉన్నిని కాలువలో పారే నీళ్ళలో జాడించాలి. ఒకటే జాడింపు. నీళ్ళు తేటగా పోయేదాకా జాడించాలి. అందుకనే పేటలో ఒక కట్టడి ఉండేది. ఏటా వేసవిలో మరమ్మతులకు కాలువ కట్టేస్తారు గదా, ఆ రోజుల్లో ఎవరూ కాగు వెలిగించకూడదు. ముందే రంగు వేసి దాచిన ఉన్నితోనే నేత సాగాలి.

ఉప్పు సత్యాగ్రహం జరిగిన మరుసటి వేసవిలో ఆ కట్టడి తప్పారు. పెద్దవీధిలో ఒక పెద్దవారింట పెళ్ళి. పందిరి నిండా పరిచేంత ఎర్ర తివాచీ కావాలన్నారు. దాచిన ఎర్రఉన్ని సగానికి కూడా రాలేదు. మగ్గాల మేస్త్రీ సాయిబుగారు వచ్చి మా గుమ్మంలో నిలబడ్డారు.

"ఏవమ్మా, ఈ ఒక్కసారికీ కాగు ఎక్కించండి. ఇంత పెద్ద పని మళ్ళీ రాదండీ."

"కాలువలో నీళ్ళు లేవండీ, సాయిబుగారూ," అంది అత్తయ్య.

"చెరువుంది గదండీ."

పేటంతా అదే మాట అంది. అత్తయ్య సరేనంది. వేళ చాలదని ఎర్రరంగునిచ్చే వేర్లు ఉడికించడం మాని, విదేశాలనుంచి బజారుకొచ్చే సీమరంగు పొడి తెచ్చారు. చెరువులో జాడించారు. నిలవనీరు అప్పటికే బురదగా ఉంది. అందులో రంగు పోతున్నదో లేదో ఎవరి కంటికీ ఆనలేదు.

పెళ్ళిరోజు సాయంత్రం అకాలవర్షం పడింది. పందిరి కారింది. తడిసిన తివాచీ మీద ఊరి పెద్దలందరూ, ఖద్దరు వాళ్ళూ మల్లుపంచెల వాళ్ళూ, తాళి కట్టేదాకా కదలకుండా కూర్చున్నారు. అక్షింతలు వేయడానికి లేచి నిలబడితే ఒక్కొక్కరి పంచె వెనక ఎర్రగా, గుండ్రంగా! మేజువాణీ చూసినట్టు ఆడవాళ్ళు పగలబడి నవ్వారట. ఇప్పుడు తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం పేటలో పొయ్యి వెలగలేదు.

ఆ నవ్వు ఊరంతా పాకింది. ఎవరి బట్టకు మరకైనా, "ఏవండీ, ఉన్నిపేటలో గానీ కూర్చొచ్చారా?" అనేవారు. అక్కడితో ఆగినా బాగుండేది. ఎవరైనా మాట తప్పితే, "ఉన్నిపేట మాటండీ, తడిస్తే నిలవదు," అనడం మొదలుపెట్టారు. మగ్గాలు ఒకటొకటే ఆగాయి. నేతగాళ్ళు జనపనార మిల్లుకు కూలికి పోయారు. మా మామయ్య ఒకాయన ఎవరైనా ఏ పేటని అడిగితే "కాలువగట్టు దగ్గరండీ" అని ఊరుకునేవాడు. నన్ను టీచరు ట్రైనింగుకు చేర్చుకునేటప్పుడు ఆ బడి నడిపే పెద్దమ్మగారు పేట పేరు విని తన కుర్చీమీది తెల్లగుడ్డ సర్దుకోవడం నేను చూశాను. పేదరికం మాకు అలవాటే. కానీ పేటపేరు చెబితే అవతలివాళ్ళ పెదవి వంకరపోవడం మాకు కొత్త.

తప్పెవరిదని పేటలో పోట్లాటలు మొదలయ్యాయి. సీమరంగుదని కొందరు, తొందరపెట్టిన సాయిబుగారిదని కొందరు. అత్తయ్య ఆ పోట్లాటలోకి దిగలేదు. పెళ్ళివారింటికి వెళ్ళి, వీధి అరుగు ముందు నిలబడి, "ఆ రంగు నా చేతిదండీ. పేటను అనకండి," అని చెప్పింది. లోపలినుంచి నవ్వులు వినిపించాయట.

కాలువ వదిలాక ఆవిడ మళ్ళీ కాగు వెలిగించింది, వేర్లతో. ఆనాడు మొదలైంది ఆ అలవాటు. రంగువేసి, జాడించి, తడితడిగా ఉన్న ఎర్రఉన్నిని తను కట్టుకోబోయే ఉతికిన చీరలో మూటకట్టి, పైన రాయి పెట్టేది. తెల్లారి ఆ చీర దులిపి కట్టుకుని, పెద్దవీధి మీదుగా బజారుకు వెళ్ళేది. కొనడానికేమీ ఉండేది కాదు. ఊరికే ఆ చివరిదాకా నడిచి వచ్చేది. ఎవరినీ పలకరించేది కాదు, ఏమీ చెప్పేది కాదు. రంగు నిలిచిందో లేదో ఆ చీరే చెబుతుందని కొన్నాళ్ళకు ఊరికి అర్థమైంది. అరుగులమీద కూర్చున్నవాళ్ళు ఆవిడ కొంగువైపు చూడటం మొదలుపెట్టారు.

ఒకసారి నేను సెలవులకు వచ్చినప్పుడు చీరమీద అరచేతి మేర లేతగులాబీ మరక పడింది. ఆ పొద్దున ఆవిడ అదే చీర కట్టుకుంటుంటే నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఇవాళ మానెయ్యి, అత్తయ్యా! మళ్ళీ నవ్వుతారు."

"నవ్వనీవే. మంచిరోజు చూపించి చెడ్డరోజు దాచుకుంటే నన్నెవరు నమ్ముతారు?"

మరక పైకి కనిపించేలా కొంగు వేసుకుని వెళ్ళింది. ఇంటికి వచ్చి ఆ ఉన్నినంతా మళ్ళీ కాలువకు మోసుకుపోయింది. నడుంలోతు నీళ్ళలో, పొద్దువాలే వెలుగులో, ఎర్రని ఉన్ని చుట్టలు ఆవిడ చేతులకు అటూ ఇటూ తేలుతుంటే, అవి ఆవిడ చేతులకే మొలిచినట్టు అనిపించింది. నాకు కోపం వచ్చింది. గర్వం కూడా వచ్చింది.

పెద్దమార్పేదో వచ్చిందని చెప్పను. ఆగిన మగ్గాల్లో కొన్ని మళ్ళీ ఆడాయి, కొన్ని ఆడలేదు. పరిహాసాలు పలచబడ్డాయి గానీ ఆగిపోలేదు. తన నడకతో పేటపేరు తిరిగొచ్చిందో లేదో ఆవిడకు తెలియదు. నేను అడిగితే, "నాకెందుకే అది? జాడించడం నా వంతు," అంది.

మేం చేరేసరికి వాకిట్లో సాయిబుగారు మగ్గం మీదనుంచి అప్పుడే కోసి తెచ్చిన ఎర్రతివాచీ పరిచి ఉంది. దానిమీద అత్తయ్యను పడుకోబెట్టారు. అది ఆవిడ వేసిన ఆఖరు రంగు. ఆయన గోడకు చేరగిలబడి, చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నారు. సాయంత్రం సమాధులతోటకు తీసుకువెళ్ళాం.

మరునాడు పొద్దున, శవం కింద పరిచినదాన్ని కడగాలి గనక, నేనూ బావా ఆ తివాచీని కాలువకు మోసుకెళ్ళాం. ముంచి తీస్తే మనిషిబరువు ఉంది. నీళ్ళోడుతూ గట్టుకు ఎక్కించాం. గట్టుమీద చాకలివాళ్ళు పెద్దవీధి బట్టలు ఆరవేసి ఉన్నారు, కనుచూపుమేర పంచెలే. పెళ్ళినాటినుంచి మావాళ్ళు తడి తివాచీతో వస్తే వాళ్ళు పంచెలన్నీ దూరంగా లాక్కునేవారు. అందుకని బావ అలవాటుకొద్దీ ఆగి, ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

పెద్ద చాకలి కూర్చున్నచోటునుంచి లేవలేదు.

"చోటెక్కడుంది బాబూ? ఆ పంచెల మీదే పరిచేయండి," అన్నాడు.

పరిచాం. తడి ఎర్రదనం తెల్లపంచెలమీద బరువుగా వాలింది. కొల్లేటి వైపునుంచి గాలి వచ్చి చుట్టూ పంచెల అంచులు లేపుతూ ఉంది. ఎండ ఎక్కేదాకా అక్కడే కూర్చున్నాం. కింద మరక పడిందేమోనని ఎవరూ అంచు ఎత్తి చూడలేదు.