చింతపండుతో తోమిన పాలరాయి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇత్తడి సామాను తోమే పని నాది. చింతపండూ ఉప్పూ కలిపి బిందెను ఎలా మెరిపించాలో మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాను. తొమ్మిదేళ్ళకే ఆ విద్యలో నన్ను మించినవాళ్ళు చోడవరంలోనే లేరని నా నమ్మకం. ఆ గర్వమే కొంప ముంచింది.

మా అమ్మ నాకు నాలుగేళ్ళప్పుడు పోయింది. ఊరి చివర క్రైస్తవుల శ్మశానంలో ఆమె సమాధికి తలవైపు మా నాన్న ఒక పాలరాయి నిలబెట్టించారు. పైన అమ్మ పేరు, దాని కింద రెండు తేదీలు, ఒక వాక్యం. చుట్టూ చెరుకు తోటలే. బెల్లం వండే రోజుల్లో పొయ్యిల్లో చెరుకు పిప్పి మండి, ఆ మసంతా ఎగిరొచ్చి రాయి మీద పడేది. ఈస్టర్‌కు సమాధులు అలంకరించే వేళకు అమ్మ పేరు సరిగా కనబడేది కాదు.

అమ్మ ముఖం నాకు గుర్తులేదు. ఆమెకు నేను చేయగలిగిన సేవ ఇదొక్కటే అనిపించింది. ఒక ఏడాది పండగ మూడు రోజులుందనగా, ఎవరికీ చెప్పకుండా చింతపండు ముద్ద, చెంబుడు నీళ్ళు పట్టుకుని వెళ్ళాను. సమాధి మీద కాలు పెట్టకూడదని అమ్మమ్మ చెప్పేది. అందుకని పక్కనే నిలబడి, చెయ్యి అందినంత మేర రుద్దాను. మసి పోయింది, నేను మురిసిపోయాను. తడి ఆరాక చూస్తే రుద్దిన చోటల్లా నునుపు పోయి, రాయి సున్నం గోడలా వెలవెలబోతోంది. ఏడుస్తూ ఇంటికొచ్చి అమ్మమ్మకు చెప్పేశాను.

నాన్న తిట్టలేదు. అసలు నాతో మాట్లాడనే లేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది. మర్నాడు, ఆ రాయి చెక్కిన సాయిబు తాతను అనకాపల్లి నుంచి బస్సులో తీసుకొచ్చారు. పాలిష్ పట్టించి పండగలోపు మామూలు చేయించాలని నాన్న ఆశ. ఇంకెప్పుడూ నన్ను ఆ రాయి ముట్టుకోనివ్వరేమోనని నా భయం.

తాత వేళ్ళతో రాయి తడిమి నావైపు చూశాడు. "ఏటి పెట్టి తోమేవమ్మా?"

చెప్పాను. ఆయన సంచిలోంచి చిన్న పాలరాయి ముక్క తీశాడు. అన్నం మూటలోని నిమ్మబద్దను దాని మీద పిండి, దగ్గరకొచ్చి చూడమన్నాడు. రసం పడిన చోట సన్నగా బుడగలు లేచాయి.

"ఇత్తడికి పులుపు మంచిదే. ఈ రాయికి పడదు. నువ్వు మురికొక్కటే తియ్యనేదు తల్లీ, రాయిని కూడా తీసేసేవు."

తర్వాత నాన్నతో అన్నాడు: "పాలిష్ పడితే ఇంకో పొర పోద్ది బాబూ. అచ్చరాలు కూడా అరుగుతాయి. ఇలాగే ఒగ్గీండి."

నాన్న అక్షరాల మీద వేలు పోనిచ్చి, సరేనన్నారు.

నాకు అందని పై భాగంలో, అమ్మ పేరు మీద, ఇంకా మసి ఉంది. అది కడగడానికి తాత నన్నే పిలిచాడు. నా చెయ్యి అందదు కదా, నాన్న వచ్చి పక్కనుంచి నన్ను ఎత్తి పట్టుకున్నారు. తడిగుడ్డ కప్పి కాసేపు నాననిచ్చి, ఉత్త నీళ్ళతో, పాత నూలుగుడ్డతో మెల్లగా తుడిచాను. అక్షరాల సందుల్లోకి వెదురు పుల్లకు గుడ్డ చుట్టి ఇచ్చాడు తాత. గట్టిగా రుద్దబోతే ఆపాడు. "పోయినంత పోద్ది. పోనిది అలా ఉండనీ." అన్నిటికన్నా అదే నాకు కష్టమైంది. దించాక నాన్న నా తల మీద చెయ్యి వేశారు. ఆ రోజంతా ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

ఇప్పుడు నా జుట్టు నెరుస్తోంది. ఏ వస్తువునైనా తోమేముందు, అది దేనితో తయారైందో అడుగుతాను. ఈస్టర్ ముందు మాత్రం నీళ్ళూ, నూలుగుడ్డా తప్ప ఏమీ పట్టుకెళ్ళను. తేదీలు ఇప్పటికీ మసకగానే ఉన్నాయి. ఆ రోజు నాకు ఎత్తు చాలలేదు కాబట్టి అమ్మ పేరు ఇంకా మెరుస్తోంది. ఇప్పుడు నా చెయ్యి అక్కడిదాకా అందుతుంది. అందుకే చాలా మెల్లగా తుడుస్తాను.