చిత్తు బొత్తుల మా అత్త ఓడిన కడియాలు

మా చిన్నప్పుడు... మా వాడ, మట్టెవాడల దసరా దగ్గరికొచ్చిందంటే మగ్గాలు బంద్, చిత్తు బొత్తు షురూ. మా ఇంటెనుక సందుల గోనెసంచి పరుసుకొని మొగోళ్ళు పొద్దటి నుంచే ఆడేటోళ్ళు.

రెండు రూపాయి బిళ్లలు పైకి ఎగరేసుడు... రెండూ బొమ్మ పడితే చిత్తు, ఎగరేసినోడు గెలిచినట్టు. రెండూ బొరుసు పడితే బొత్తు, ఓడినట్టు. ఒకటట్ల ఒకటిట్ల పడితే మళ్ళ ఎగరేసుడే.

మా బాపు జంపఖానాలు నేసేటోడు. మంచోడే... కానీ ఆ బిళ్లల సప్పుడు వింటే ఇంట్ల కాలు నిల్వకపోయేది. ఆ యేడు మా పండుగ బట్టల పైసలన్నీ పోగొట్టిండు. అమ్మ ఆ పొద్దు పొయ్యి గూడ ముట్టియ్యలే.

అదే రోజు మా మేనత్త, బాపుకు అక్క, తొర్రూరు నుంచి బతుకమ్మకు వచ్చింది. సంగతి విని, సంచి గడప కాడనే పెట్టి సీదా సందులకు నడిచింది. నేను ఎనుక ఉరికిన.

"జరుగుండ్రి, నేను గూడ ఆడుత."

అందరు నవ్విండ్రు. బాపు పైసలు గెలిచిన రాజన్న మామ "నీకెందుకక్కా" అన్నడు.

"గెలిస్తే మా తమ్ముని పైసలియ్యి. ఓడితే నా కడియాలు తీస్కో."

నవ్వులు ఆగినయ్. బాపు "అక్కా, వద్దే..." అంటనే ఉన్నడు, అత్త బిళ్లలు ఎగరేసింది.

రెండూ బొరుసే... బొత్తు.

అత్త అక్కడనే కూసోని, కాళ్ళ వెండి కడియాలు గుంజి తీసి, గోనె మీద పెట్టి ఇంటికొచ్చింది.

తెల్లారి రాజన్న మామ వాటిని కాగితంల చుట్టుకొని వచ్చిండు. "మనసొప్పుత లేదక్కా, తీస్కో."

అత్త ముట్టలే. "ఓడిన, అవి నీవే. మా తమ్ముడు యేడాది బిళ్ల ముట్టకుంటే, అప్పుడు తెచ్చియ్యి."

బాపు గడపల నిలవడి విన్నడు.

అత్త ఉత్త కాళ్ళతోనే బతుకమ్మ ఆడింది. అమ్మలక్కలు అడిగితే "బరువైతున్నయ్, తీసేసిన" అన్నది...

యేడు తిరిగింది, అత్త మళ్ళ బతుకమ్మకు వచ్చింది. బాపు సందు దిక్కు పోలే. రాజన్న మామ వచ్చి కడియాలు బాపు చేతుల పెట్టిండు. బాపు కింద కూసోని అక్క కాళ్ళకు తొడిగిండు... ఏడ్సిండు. మా బాపు ఏడ్వంగ నేను చూసింది అదొక్కసారే.

ఇప్పుడా సందుల బైకులు పెడుతున్నరు. ఆట బంద్ కాలే, ఫోన్లకు పోయింది. మా చిన్నోడు సోఫాల నా పక్కకే కూసోని ఆడుతడు... గెలుస్తున్నడో ఓడుతున్నడో నాకే తెల్వది.

మీ వాడల ఈ ఆటను ఏమనేటోళ్ళు? మీ ఇంట్ల మా అత్త లెక్క ఆటకు అడ్డం పడ్డోళ్ళు ఎవరన్న ఉన్నరా... జర రాయుండ్రి, చదువుత.