మాత్ర ఆపేశాక కూడా నెల్లూరు బస్సెక్కిన మా ప్రభుదాసు మామ

నిన్న తెల్లారి మెడికల్ షాపు షట్టర్ ఎత్తుతుంటే అత్త ఫోన్ చేసింది. మామ నిద్రలోనే పోయాడంట.

నేనేమన్నానో తెలుసా? "అదేందత్తా, సోమవారం నెల్లూరులో విజిట్ ఉంది గదా" అన్నాను.

అత్త ఏడుస్తూనే ఉంది. నేను ఏ బస్సుకు వెళ్లాలో చెబుతున్నాను. బుర్ర పని చేయలేదు.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నా. ప్రభుదాసు మామ మా అమ్మకు తమ్ముడు. మా కోట ఊరి దగ్గర రొయ్యల గుంటల మీద ఏళ్ల తరబడి మేత చూసే పని చేశాడు. నోరు తెరిస్తే జోకు. చర్చిలో మామ పాట ఎత్తుకుంటే పక్కవాళ్ల శ్రుతి కూడా పోయేది, అయినా ఎవరూ ఆపేవాళ్లు కాదు.

కొన్నేళ్ల కిందట కుడిచెయ్యి వణకడం మొదలైంది. పార్కిన్సన్స్ అన్నారు.

"నన్ను అడక్కుండానే నా చెయ్యి అందరికీ టాటా చెప్తా ఉంది పాపా" అని ఇంటిల్లిపాదినీ నవ్వించాడు. అత్త మాత్రం వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

తర్వాత నెల్లూరులో ఒక హాస్పిటల్‌లో ఆ జబ్బుకు కొత్త మందు ట్రయల్ జరుగుతోందని తెలిసింది. మామతోపాటు ఆయన ఫ్రెండ్ రమణయ్య పెదనాన్న కూడా బయల్దేరాడు. వరి రైతు. ఆయనకీ ఇదే జబ్బు.

మామను తీసుకున్నారు. పెదనాన్నకు గుండె జబ్బు ఉందని వద్దన్నారు.

ట్రయల్ అంటే ఇలా. కొందరికి అసలు మందు, కొందరికి అచ్చం అలాగే కనిపించే, మందు లేని ఉత్త మాత్ర. ఎవరికి ఏది వచ్చిందో అక్కడ చూసే డాక్టరమ్మకు కూడా తెలియదు. రోజుకు రెండు వేసుకోవాలి. నెలకోసారి వెళ్లి నడక, చేతులు, జ్ఞాపకశక్తి అన్నీ చూపించుకోవాలి. తోడు వచ్చే మనిషి అని ఫారంలో నా పేరు రాశారు.

పెన్నుతో సుడి గీయమనేవాళ్లు. మామది వంకర టింకరగా వచ్చేది. "ఈసారి జిలేబీ బాగా కుదిరింది, పాకం పోయండి" అని నర్సుల చేతికి ఇచ్చేవాడు.

మూడో నెల విజిట్‌కి వెళ్తున్నాం. బస్సు గూడూరు దాటింది.

"పాపా, సాయంత్రం మాత్ర నేను ఏసుకోవడంలా. రమణయ్యకి ఇస్తా ఉండా" అన్నాడు మామ, మెల్లగా.

నేను ఒళ్లోని మందుల సంచి విప్పి చూశాను.

"ఇద్దరం కలిసి పోతిమి. ఇద్దరిదీ ఒకటే వణుకు. నా ఒక్కడికే మందంటే ఎట్టా మింగేది చెప్పు?"

ఖాళీ స్ట్రిప్పులు సంచిలో సరిగ్గా ఉన్నాయి. చెప్తే తప్ప ఎవరికీ తెలిసే దారి లేదు. పైగా ఆ నెల మామ చొక్కా గుండీలు తనే పెట్టుకుంటున్నాడు. అది ఆ మాత్ర వల్లే అని నా ఆశ.

"గమ్మునుండు మామా. అన్నీ ఏసుకున్నానని చెప్పు. నిజం చెప్పినావంటే తీసేస్తారు."

అవును, నేనే అన్నాను. మందుల షాపులో పని చేసే దాన్ని.

డాక్టరమ్మ స్ట్రిప్పులు చూసి, "ఒక్కటి కూడా మిస్ కాలేదు ప్రభుదాసు గారూ, వెరీ గుడ్" అని మెచ్చుకుంది.

మామ కుర్చీలో కదిలాడు. నేను ఆయన కాలు తొక్కాను. గట్టిగానే తొక్కాను.

"సగమే మేడమ్ నేను ఏసుకునింది" అని మొత్తం చెప్పేశాడు.

ఆమె మొహం మారిపోయింది. బాగా తిట్టింది. గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఆ మందు ప్రమాదం కావొచ్చంట, అందుకే పెదనాన్నను వద్దన్నారంట. "రమణయ్యకేమన్నా అవుతాదా మేడమ్" అని మామ లేచి నిలబడ్డాడు. పెదనాన్నను అప్పటికప్పుడు రప్పించి ఈసీజీ తీశారు. దేవుడి దయ, ఏమీ కాలేదు.

మామకు మాత్ర ఆపేశారు. అది అసలు మందో ఉత్తదో నాకు ఇప్పటికీ తెలియదు.

తిరుగు బస్సులో తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. అంతా విని మామ ఒకటే అన్నాడు.

"గుంటలో మేతేసినాక, రొయ్యలు ఎంత తిన్నాయో నీళ్లలో దించిన ట్రే ఎత్తి చూస్తాం గదా పాపా. మిగిలుంటే మిగిలిందనే రాయాల. తినేసినాయని రాస్తే, అది నమ్మి ఇంకా ఏస్తారు. మిగిలిన మేత కుళ్లి గుంటంతా పోతాది. ఇది మనుషుల మందు."

నాకు ఎక్కలేదు. ఆ నెలంతా ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

మాత్ర లేకపోయినా వచ్చి చూపించుకుంటే రీసెర్చ్‌కి పనికొస్తుంది, మీ ఇష్టం అంది డాక్టరమ్మ. మామ వెంటనే సరేనన్నాడు. ఒక్క నెల కూడా మానలేదు. అడుగులు చిన్నవయ్యాయి, మాట లోపలికి పోయింది, గుండీలు మళ్లీ అత్తే పెట్టేది. "పోయిన నెల కంటే తగ్గినా మేడమ్, రాసుకోండి" అని తనే ముందు చెప్పేవాడు.

నాకైతే ఒళ్లు మండేది. మందూ మాకూ లేకుండా ఎందుకీ తిరుగుడు అని.

నిన్న సాయంత్రం సమాధుల తోట నుంచి వచ్చాక డాక్టరమ్మకు ఫోన్ చేశాను. సోమవారం రావడం లేదని చెప్పాలి కదా.

మామ ఎలా పోయాడో ఆమె అడిగింది. తర్వాత ఒక మాట చెప్పింది. మామ విషయం బయటపడ్డాక ట్రయల్‌లో ఉన్న అందరినీ విడివిడిగా కూర్చోబెట్టి, మాత్రలు ఎవరికైనా ఇస్తున్నారా అని అడిగారంట. ఇంకొందరు ఒప్పుకున్నారంట. ఒకాయన అన్నకు ఇస్తున్నాడు. ఒకామె వియ్యపురాలికి ఇస్తోంది.

"ఆయన నోరు విప్పకపోతే మేం అన్నీ తప్పు రాసుకుంటూ పోయేవాళ్లమమ్మా. ఇంకెవరికైనా ప్రాణం మీదికి వచ్చేది" అంది.

ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చాను.

మామా, నేను చెప్పమన్న అబద్ధం నువ్వు చెప్పలేదు. నీదే రైటు. ఆ మాట నీ ముందు అనడానికి నాకు ఇన్నాళ్లూ అహం అడ్డొచ్చింది. ఇప్పుడు అంటున్నా, నువ్వు వినడం లేదు.

వెళ్లిరా మామా. ఆ ప్రభువు దగ్గర నీకు నెమ్మది దొరకాలి.